పాత మోటారుకారు శరీరభాగములను విప్పి శుభ్రపఱచు విధము

క్రొత్త వస్తువును కొనుటకు ధనము చాలును. పాత వస్తువును నిలుపుకొనుటకు ధనముతోపాటు జ్ఞానమును, ఓర్పును కావలెను. ఏబది యఱువది సంవత్సరముల క్రిందటి మోటారుకారును మఱల తొలినాటి రూపమునకు దెచ్చుట యిట్టి పనులలో నొకటి. చూచువారు మెచ్చుకొనునది తుదిని వేసిన రంగును, తళతళలాడు బంపరులను మాత్రమే. కాని యా పనిలో పెద్దపాలు రంగుడబ్బా మూత తీయకముందే ముగియును. భాగములను వరుసగా విప్పుట, గుర్తులు పెట్టుట, మురికిని కడుగుట, తుప్పును తొలగించుట, తొలగించిన తుప్పు మఱల రాకుండ కాపాడుట—ఇవియే యా పని. ఈ విధమును, అందలి ప్రతి మెట్టునకును గల కారణమును మా విద్యార్థులకు తెలుప నెంచితిమి. యంత్రవిద్య నభ్యసింపగోరు బాలబాలికలు దీనిని శ్రద్ధతో చదువుదురు గాక. తల్లిదండ్రులును చదివినయెడల, నూనె యంటిన చేతులతో పనిచేయువాని వృత్తి యెంత విద్యతో గూడినదో గ్రహింపగలరు.

1. మన యుదాహరణము

ఉదాహరణముగా మారిస్ మైనరు అను ఆంగ్లదేశపు చిన్నకారును గ్రహింతము. దీని రూపకర్త అలెక్ ఇసిగోనిస్. ఈ కారు 1948వ సంవత్సరము అక్టోబరు నెలలో లండను నగరమందలి ఎరల్స్ కోర్టు ప్రదర్శనమున ప్రజలకు మొదట చూపబడెను. ఆక్స్‌ఫర్డు నగరమునకు చేరువనున్న కౌలీ కర్మాగారమున తయారైన యీ కార్ల సంఖ్య 1960 డిసెంబరులో పదిలక్షలకు చేరెను. బ్రిటిషు కార్లలో ఆ సంఖ్యను ముట్టిన మొదటిది ఇదియే. 1970వ దశాబ్దపు తొలిదినములలో దీని తయారీ నిలిచిపోయినను, నేటికిని అనేకములు రోడ్లపై తిరుగుచున్నవి.

మనవారికి బాగుగ తెలిసిన అంబాసిడరు కారు కూడ నీ మారిస్ కుటుంబములోనిదే. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాను బట్టి అది పశ్చిమవంగమందలి ఉత్తరపారాలో తయారగుచుండి, 2014వ సంవత్సరమున నిలిచిపోయెను. కావున మైనరును గూర్చి నేర్చుకొన్న పద్ధతి మన వీధిలో చెట్టుక్రింద నిలిచియున్న పాత అంబాసిడరునకును చాలవఱకు వర్తించును.

పాతకాలపు మోటారుబండ్లకు క్రింద ఉక్కుదూలముల చట్రము వేఱుగను, దానిపై నిలిపిన పెట్టె వేఱుగను ఉండెడివి. మైనరు నిర్మాణ మట్టిది కాదు. నేలరేకు, తలుపుల క్రింది గడపదూలములు, స్తంభములు, పైకప్పు—ఇవన్నియు నొకదానితో నొకటి అతుకబడి, తామే చట్రముగా నిలిచి బరువును మోయును. దీనినే మేము ఇకమీద ‘గుల్ల’ అని చెప్పుదుము. బానెట్టు, తలుపులు, డిక్కీమూత, నాలుగు మడ్గార్డులు, బంపరులు మాత్రము బోల్టులతోడను బందులతోడను బిగింపబడినవి గనుక వానిని విప్పి తీయవచ్చును. ఏది విప్పదగినది, ఏది విప్పగూడనిది అను భేదము తెలియక పానా చేతబట్టుట తగదు.

2. విప్పుటకు ముందు

మొదటి పనిముట్టు పానా గాదు, పుస్తకము, పెన్సిలు. కారును నలుదిక్కుల నుండియు ఛాయాచిత్రములు తీయవలెను. తలుపు మూసినప్పుడు తలుపునకును స్తంభమునకును నడుమనుండు సందు ఎంతయో, పైని, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి వ్రాసికొనవలెను. ఈ కొలతలు తరువాత మనకు సాక్షులగును. గడపదూలము లోలోపల తుప్పుపట్టి బలహీనమైన కారులో, తలుపులు తీసిన పిమ్మట గుల్ల నడుమ క్రుంగుట కలదు. ముందు కొలిచియుండనివాడు ఆ సంగతి నెఱుగడు. క్రుంగిన గుల్లకే క్రొత్తరేకు నతికి, పిదప తలుపు పట్టలేదని తలుపును తప్పుపట్టును. కావున గడపలు చెడినవని తోచినచో, తలుపులు తీయకముందే ద్వారమునకు అడ్డముగా ఉక్కుకడ్డీని బిగించి గుల్లకు ఊత కల్పింపవలెను.

పిమ్మట బ్యాటరీతీగలను తీయవలెను. శరీరమునకు కలిపిన తీగను మొదట తీయుట నియమము. రెండవ తీగను ముందు తీయబోయి, పానా యొక్క వేఱొక కొన శరీరపు రేకునకు తగిలినయెడల నిప్పురవ్వలు లేచును. మైనరులో బ్యాటరీ యొక్క ధనధ్రువము శరీరమునకు కలుపబడి యుండును. నేటి కార్లలో ఋణధ్రువము కలుపబడును. కనుక అలవాటును నమ్మక కంటితో చూచి తెలిసికొనవలెను. పెట్రోలును పూర్తిగా తీసివేసి, దూరమున మూతబిగించి యుంచవలెను. కారును జాకీతో పైకెత్తిన తరువాత గట్టి ఉక్కుపీటలపై నిలుపవలెను. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. జాకీపై మాత్రమే నిలిచిన కారు క్రింద చేయి పెట్టుట కూడ ప్రాణాపాయము.

3. విప్పు వరుస

మొదట బంపరులు, దీపములు, చిహ్నములు, తరువాత బానెట్టు, పిదప మడ్గార్డులు, తుదకు తలుపులు. పై నున్నది ముందు, దానిని మోయునది తరువాత అను వరుస ననుసరించినచో ఏ భాగమును వంగదు.

ముప్పదియేండ్లు వానకు తడిసిన బోల్టు బలమునకు లొంగదు. దానిని ఇనుప బ్రష్షుతో తోమి, చొచ్చుకొనిపోవు పలుచని నూనె పోసి, ఒక రాత్రి విడువవలెను. మఱునాడు సరియైన కొలత గల పానా తగిలించి, మొదట కొంచెము బిగించు దిశకు త్రిప్పి, తరువాత విప్పు దిశకు త్రిప్పవలెను. బిగించునప్పుడు మరలనడుమ తుప్పుపొర చిట్లును. ఆ చిట్లిన సందున నూనె దిగును. ఆంగ్లదేశపు పాతకార్ల బోల్టులు అంగుళపు కొలతలవి. వానికి మిల్లీమీటరు పానా ఇంచుమించుగ పట్టినట్లు కనబడినను, అది బోల్టుతల మూలలను అరగదీయును. మూలలు పోయిన బోల్టునకు ఱంపమే గతి.

విప్పిన ప్రతి బోల్టును, వాషరును దాని భాగము పేరు వ్రాసిన డబ్బాలో వేయవలెను. తలుపుబందుల క్రింద పలుచని రేకుబిళ్లలు కనబడినయెడల వానిని చెత్తయని పాఱవేయరాదు. కర్మాగారపు పనివాడు ఆ కారునకే, ఆ తలుపునకే సరిపడునట్లు వానిని పెట్టి సందులను సరిచేసినాడు. ఎన్ని బిళ్లలు ఏ బందుక్రింద నుండెనో వ్రాసి, అదే బందునకు దారముతో కట్టి యుంచవలెను. మడ్గార్డునకును శరీరమునకును నడుమ నొత్తబడిన పట్టీని పెఱికివేయక, దాని వెడల్పును, మడతను చూచుకొని, క్రొత్తది తెచ్చుటకు నమూనాగా దాచవలెను.

ఇట్లు నిదానముగా విప్పువానికి కారే తన చరిత్రను చెప్పును. మైనరు బానెట్టు నడుమ నిలువుగా నొక చదునైన పట్టె కలదు. అది అలంకారము గాదు. తయారీకి ముందు ఇసిగోనిస్ మిక్కిలి యిఱుకుగా నున్నదని తలచి, నమూనాకారును నడిమికి కోయించి, రెండు సగములను ఎడముగా జరిపించి చూచి, వెడల్పు నాలుగంగుళములు పెంచెను. ఆ పెంపునకు గుర్తే యీ పట్టె. అప్పటికే తయారైయున్న బంపరులను సయితము నడిమికి కోసి, తునుక నతికి వాడిరి. 1948 నాటి తొలికార్లకు పెద్దదీపములు ముందరిజాలి ప్రక్కల క్రిందుగా నుండెను. తరువాతి వానిలో అవి మడ్గార్డులపైకి ఎక్కెను. ముందరి అద్దము 1956 వఱకు రెండు పలకలుగా నుండి, ఆ యేట ఒకే వంపుపలక యయ్యెను. ఈ భేదముల నెఱుగనివాడు ఒకయేటి కారునకు వేఱొకయేటి భాగమును బిగించి, చరిత్రను చెఱచును.

4. మురికి, రంగు తొలగించుట

శుభ్రపఱచుటలో మొదటి నియమ మిది: మెత్తని సాధనముతో మొదలిడి, అది చాలనప్పుడే గట్టి సాధనమునకు పోవలెను. సబ్బునీటితో పోవు మురికికి ఆమ్లము వాడుట అవివేకము.

బురదను నీటితో నానబెట్టి కఱ్ఱపలకతో గీకవలెను. తారును, గ్రీజును కిరసనాయిలుతో కరగించి గుడ్డతో తుడిచి, పిదప సబ్బునీటితో కడుగవలెను. బ్యాటరీ యుండు పళ్లెరమున ఆమ్లము ఒలికి యుండును. దానిని వంటసోడా నీటితో నురుగు ఆగువఱకు కడిగినచో ఆమ్లము విఱుగును. చక్రములలోని బ్రేకుధూళిని నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు. పాత బ్రేకుపట్టీలలో రాతినార యుండును. ఆ సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి, యేండ్లు గడచిన తరువాత ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పాఱవేయవలెను.

పాతరంగు విషయమునను ఇట్టి జాగరూకతయే కావలెను. ఆ కాలపు రంగులలో సీసము కలిసియుండుట సాధారణము. శరీరపు అతుకులను నున్నచేయుటకు సీసమును తగరమును కలిపిన లోహమునే కరగించి పూసెడివారు. కావున పొడిగా రుద్ది ధూళి లేపుట హానికరము. పిల్లలకు మఱింత హానికరము. నీరుపోయుచు ఎమరీకాగితముతో రుద్దవలెను. ముక్కునకును నోటికిని తగిన ముసుగు ధరింపవలెను. పని ముగిసిన తరువాత చేతులు కడుగక అన్నము ముట్టరాదు. పనిబట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు.

కొందఱు ఇసుకను గాలివేగముతో చిమ్మి రంగును, తుప్పును ఒక్కసారిగా ఊడ్చివేయుదురు. ఇందు రెండు కీడులు కలవు. బానెట్టు, తలుపు మొదలగు విశాలమైన పలుచని రేకులు ఆ దెబ్బలకు సాగి, అలలు అలలుగా వంగును. అట్లు వంగిన రేకును సరిచేయుట నేర్పరియైన టింకరునకు కూడ కష్టము. రెండవది, ఇసుకధూళి వలన ఊపిరితిత్తులు గట్టిపడు సిలికోసిస్ అను రోగము వచ్చును. ఈ కారణముననే బ్రిటనునందు 1949వ సంవత్సరపు నిబంధనలు ఇట్టి పనికి ఇసుక వాడుటను నిషేధించినవి. మందమైన భాగములకు ఇసుకకు బదులు వేఱు పొడులను, పలుచని రేకులకు తక్కువ ఒత్తిడితో వంటసోడా వంటి మెత్తని పొడిని వాడుట మేలు.

5. తుప్పు, దాని నివారణము

ఇనుము ఒంటరిగా తుప్పుపట్టదు. ఆమ్లజనియు, నీరును రెండును చేరినప్పుడే పట్టును. ఉప్పు చేరినచో త్వరపడును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో కిటికీ యూచలు త్వరగా చెడుటకు హేతు విదియే. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువచోటు నాక్రమించును. అందుచేత రెండు రేకుల అతుకులోపల పుట్టిన తుప్పు ఆ రేకులను బలవంతముగా విడదీయును.

మన యిండ్లలో తల్లులు ఇత్తడిబిందెను చింతపండుతో తోముట మీరెల్లరును చూచినదే. చింతపండులోని ఆమ్లము చిలుమును కరగించును. అందుచే బిందె మెఱయును. తోమినవెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువకున్న మఱునాటికే మఱల నల్లబడును. తుప్పు తీయుటలోని శాస్త్రమంతయు ఈ బిందెలోనే యున్నది: కరగించుట, కడుగుట, ఆరబెట్టుట, కప్పుట.

ఇనుపతుప్పును తీయుటకు పలువిధములు కలవు. పైపై తుప్పునకు ఇనుపబ్రష్షు, ఎమరీకాగితము చాలును. గుంటలలో మిగిలినదానికి ఫాస్ఫారికామ్లము పూసినచో తుప్పు ఇనుప ఫాస్ఫేటుగా మాఱి నల్లనగును. చిన్నభాగములకు చక్కెరకర్మాగారపు మడ్డి మంచిది: ఒకపాలు మడ్డికి తొమ్మిదిపాళ్లు నీరు కలిపి, భాగమును వారము రెండువారములు మునిగియుండ నిచ్చినయెడల తుప్పు కరగి, ఇనుము చెడకుండ మిగులును. వాసన మాత్రము సహింపవలెను.

విజ్ఞానశాస్త్రము చదువువారికి విద్యుద్విశ్లేషణ పద్ధతి యాసక్తికరముగ నుండును. ప్లాస్టికుతొట్టెలో నాలుగైదు లీటర్ల నీటికి పెద్దచెంచాడు చాకలిసోడా చొప్పున కరగించి, తుప్పుపట్టిన భాగమును ఋణధ్రువమునకును, పనికిమాలిన మామూలు ఇనుపముక్కను ధనధ్రువమునకును కలిపి, పండ్రెండు వోల్టుల విద్యుత్తును పంపవలెను. రెండును ఒకదానికొకటి తగులరాదు. భాగముపై బుడగలుగా లేచునది ఉదజని. అది నిప్పు తగిలిన ప్రేలును గనుక ఆరుబయటనే, ఉపాధ్యాయుని సమక్షముననే చేయవలెను. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలును కట్టరాదు. దానినుండి విషమయమైన క్రోమియము లవణములు నీటిలో చేరును.

ఇంకొక హెచ్చరిక. ఇనుమునకు మేలుచేయునది వేఱొక లోహమునకు కీడుచేయును. అల్యూమినియమును క్షారము తినివేయును. చిహ్నములు, పిడులు పలుమాఱు జింకుపోతపై క్రోమియము పూసినవి. వానిని ఆమ్లమున ముంచిన తిరిగిరావు. వానికి సబ్బునీరు, మెత్తనిగుడ్డ చాలును. మెఱయు క్రోమియము పొర మిల్లీమీటరులో వెయ్యవవంతుకంటెను పలుచన. దాని క్రింది నికెలుపొరయే నిజముగా లోహమును కాపాడునది. గరుకుపొడితో రుద్దువాడు మెఱుపును పెంచుట లేదు, ఉన్నపొరను అరగదీయుచున్నాడు.

6. శుభ్రపఱచిన తరువాత

శుభ్రమైన ఇనుపరేకు వస్త్రములేని శిశువువంటిది. తేమగాలిలో కొన్నిగంటలకే దానిపై ఎఱ్ఱని జిగి కనబడును. కావున ఒకనాడు ప్రైమరు పూయగలిగినంత భాగమునే ఆనాడు శుభ్రపఱచవలెను. ప్రైమరు పూసిన తరువాతను వానలో నుంచరాదు. పలురకముల ప్రైమరులు నీటిని పీల్చును.

తలుపు అడుగున చిన్నరంధ్రములు కలవు. అద్దమువెంట లోనికి దిగిన వాననీరు వాని గుండనే వెలికి పోవలెను. ఆకులును మన్నును చేరి యవి పూడినప్పుడు నీరు నిలిచి, తలుపు లోపలినుండి కుళ్లును. పైకి రంగు మెఱయుచుండగనే లోపల రేకు నశించును. ఆ రంధ్రములను తీగతో తెఱచి, లోపల మైనపునూనె చిమ్మినయెడల తలుపు మఱికొన్ని దశాబ్దములు నిలుచును. రంగువేయకముందే అన్ని భాగములను ఒకసారి బిగించి, మొదట వ్రాసికొన్న సందులతో సరిచూడవలెను. రంగువేసిన తరువాత సరిపెట్టబోయిన రంగు చిట్లును.

7. ఎంతవఱకు మార్చవచ్చును?

చెడిన ప్రతిదానిని తీసి క్రొత్తది పెట్టుట సులభమని తోచవచ్చును. అట్లు చేసిన తుదకు మిగులునది పాతకారు గాదు, దాని పేరు మాత్రమే. మన భారతప్రభుత్వము 2021వ సంవత్సరమున పాతవాహనముల నమోదునకై ప్రకటించిన నిబంధనలు సయితము ఈ భావమునే తెలుపుచున్నవి. మొదటి నమోదు నుండి ఏబది సంవత్సరములు దాటి, తొలిరూపమున నిలిచియుండి, చట్రమునందు గాని శరీరపుగుల్లయందు గాని యంత్రమునందు గాని ముఖ్యమైన మార్పు పొందనివే ‘వింటేజి’ వాహనములుగా ఎంచబడును. కనుక గుల్లను తొందరపడి కోసినవాడు తన కారునకు గల గౌరవమునే కోసికొనును. హైదరాబాదునందలి చౌమహల్లా మందిరమున నిజాము ప్రభువుల పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును చూచినవారు, ఇట్టి సంరక్షణము వలన నూఱేండ్ల నాటి పనితనము నేటి బాలుర కన్నులయెదుట నిలుచుట నెఱుగుదురు.

కాబట్టి బాగుచేయదగిన దానిని బాగుచేయవలెను; మార్చక తీఱని దానిని మాత్రము మార్చవలెను; మార్చినదానిని పుస్తకమున వ్రాయవలెను; తీసివేసిన పాతముక్కను కారు నిలిచియున్నంతకాలము దాచవలెను. తరువాత వచ్చువాడు మనము చేసినది ఏది, కర్మాగారము చేసినది ఏది యని తెలిసికొనగలుగుట కిదియే మార్గము.

విద్యార్థులారా, ఈ పనిలో పొగడ్త పొందునది పైరంగు. కారును నిలుపునది లోపలి శుభ్రత. గడపదూలములోపల పూసిన మైనమును ఎవరును చూడరు. తలుపు అడుగున తెఱచిన రంధ్రమును ఎవరును మెచ్చరు. అయినను పదిసంవత్సరములు గడచి, పది వానకాలములు దాటిన తరువాత, ఆ చూడబడని పనియే సాక్ష్యమిచ్చును. మీ యింట తుప్పుపట్టిన సైకిలో, కుట్టుమిషనో, తాళమో ఉండకపోదు. ఈ సెలవులలో పెద్దల యనుమతితో దానిని ముందట పెట్టుకొని, మొదట బొమ్మ గీచి, పేరులు వ్రాసి, ఒక్కొక్క మరను విప్పి, తోమి, నూనెరాచి, మఱల బిగించి చూడుడు. డబ్బాలో ఒక్క మరయు మిగులకుండ, ఒక్కటియు తక్కువకాకుండ మీ పని ముగిసినయెడల, ఈ పాఠము మీకు వచ్చినదని మేము సంతసింతుము.